కాటా మిషనా, ఇన్‌స్ట్రుమెంటా? పరికరాల ఇంగ్లిష్ పేర్లతో వచ్చే తికమక

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మా స్నేహితుడికి ఒక డీటీపీ షాపు ఉంది. రిటైరయ్యాక సాయంత్రాలు అక్కడ కూర్చోవడం నాకు అలవాటైంది. ఇంగ్లిష్ చెప్పిన మాస్టారిని కదా, ఎవరైనా అర్థం కాని కాగితం పట్టుకొస్తే మావాడు వాళ్లను నా కుర్చీ వైపు పంపిస్తాడు.

మొన్న పలాస నుంచి ఒకాయన వచ్చాడు. అత్తవారిల్లు ఇక్కడేనట. చిన్న జీడిపప్పు యూనిట్ పెట్టడానికి బ్యాంకు లోను కోసం ప్రాజెక్టు రిపోర్టు టైపు చేయించుకుంటున్నాడు. నమూనా కాగితంలో మూడు గడులున్నాయి: ప్లాంట్ అండ్ మెషినరీ, ఎక్విప్‌మెంట్, టూల్స్. చేతిలో చిట్టా ఉంది: గింజల్ని ఆవిరి పట్టే బాయిలర్, పిక్క పగలగొట్టే కటింగ్ మిషన్లు, డ్రయ్యర్, కాటా, ట్రేలు, పొట్టు తీసే చిన్న కత్తులు.

"మాస్టారూ, మాకివన్నీ సామాన్లేనండి. ఏటి ఏ గడిలో రాయాలో మీరే చెప్పాలి" అన్నాడు.

చెప్పాను. కానీ ఇంటికెళ్లే దారిలో అనుమానం పట్టుకుంది. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, ఈ మాటల మధ్య తేడా నాకైనా సరిగ్గా తెలుసా అని. ఆ రాత్రి మొదలుపెట్టిన వెతుకులాట ఇది.

పొందూరు చేప దవడ: టూల్, డివైస్, మెషిన్

అన్నిటికంటే పాత మాట టూల్. చేత్తో పట్టుకుని పని చేసుకునేది. తెలుగులో పనిముట్టు అంటే సరిపోతుంది. సుత్తి, ఉలి, కొడవలి, గునపం అన్నీ టూల్సే. వస్తువు ఎలా పుట్టిందన్నది టూల్‌కి అవసరం లేదు. దానితో ఏం చేస్తున్నామన్నదే లెక్క.

దీనికి శ్రీకాకుళం జిల్లాలో ఉన్నంత చక్కటి ఉదాహరణ ఇంకెక్కడా నాకు దొరకలేదు. పొందూరు ఖద్దరుకి పత్తిని శుభ్రం చేసేటప్పుడు వాలుగ చేప దవడ వాడతారు. ఆ దవడకున్న సన్నటి పళ్లతో పత్తిని దువ్వితే నలక, చెత్త పోయి పీచు సాపు అవుతుంది. ఆ దవడను ఏ మనిషీ తయారు చేయలేదు. చేప తన కోసం పెంచుకున్నది. అయినా దువ్వే మనిషి చేతిలోకి వచ్చిన క్షణం నుంచి అది టూల్.

దాన్ని డివైస్ అనగలమా? ఇంగ్లిష్ వాడు అనడు. డివైస్ అనే మాటలోనే ఒకరు ఆలోచించి, ఒక ప్రయోజనం కోసం కల్పించారన్న అర్థం ఉంది. అందుకే ఇంగ్లిష్‌లో పన్నాగాన్ని కూడా డివైస్ అంటారు, కవిత్వంలో చమత్కారాన్నీ అంటారు. దోమల బ్యాటు డివైస్. సెల్‌ఫోను డివైస్. చేప దవడ మాత్రం కాదు.

అదే పత్తి తర్వాత రాట్నం మీదికి వెళ్తుంది. రాట్నం ఏమిటి? చక్రాన్ని చేయి తిప్పితే తాడు ద్వారా కదురు ఎన్నో రెట్ల వేగంతో తిరుగుతుంది. ఒక చోట పెట్టిన బలం ఇంకో చోట ఇంకో రూపంలో బయటికి వస్తోంది. భాగాలు కలిసి కదులుతూ బలాన్నో, వేగాన్నో, దిశనో మార్చేదాన్ని మెషిన్ అంటారు. కరెంటు ఉండాలన్న నియమం లేదు. బావి గిలక కూడా భౌతికశాస్త్రం లెక్కలో సింపుల్ మెషినే. కాబట్టి పొందూరు రాట్నం మెషిన్ అంటే తప్పు లేదు, ఖద్దరు అభిమానులు కొంచెం నొచ్చుకుంటారేమో.

మన నోట్లో మెషిన్ 'మిషన్' అయిపోయింది. కుట్టు మిషన్, గ్రైండింగ్ మిషన్, పక్కనే జల్ జీవన్ మిషన్. మొదటి రెండూ తిరుగుతాయి, మూడోది ప్రభుత్వ కార్యక్రమం. తెలుగు లిపిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి గనక రాసేటప్పుడైనా 'మెషిన్' అని రాస్తే మంచిదని నా అభిప్రాయం. కాకపోతే కుట్టు మెషిన్ అని పలికేవాళ్లను నేనింతవరకూ చూడలేదు.

ఇక్కడిదాకా తేలికే. చిక్కు వర్క్‌షాపులో మొదలవుతుంది. లేత్‌ని మనం మిషన్ అంటాం, ఇంగ్లిష్‌లో దాని జాతి పేరు మెషిన్ టూల్. లేత్‌లో బిగించి ఇనుమును చెక్కే చిన్న ముక్కను టర్నర్లు ఒట్టి 'టూల్' అంటారు. గోడకు కన్నం వేసేదాన్ని మనం డ్రిల్లింగ్ మిషన్ అంటే, వాళ్లు పవర్ టూల్ అంటారు. చేతిలో ఇమిడితే మోటారు ఉన్నా టూల్ జాతిలోనే ఉంచడం వాళ్ల అలవాటు. చేతికీ పనికీ మధ్య ఎంత దూరం ఉందన్నది చూస్తే ఇందులో తర్కం కొంత అందుతుంది, పూర్తిగా కాదు.

వీణ నుంచి చెక్కు దాకా: ఇన్‌స్ట్రుమెంట్

బొబ్బిలి వీణను పనస కర్రతో చెక్కుతారు. చెక్కే ఉలి టూల్, చెక్కగా వచ్చిన వీణ ఇన్‌స్ట్రుమెంట్. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో వయొలిన్ ఇన్‌స్ట్రుమెంట్. ఎవరూ దాన్ని టూల్ అనరు. శ్రుతి కోసం పక్కన పెట్టుకునే ఎలక్ట్రానిక్ పెట్టె డివైస్.

తేడా ఎక్కడుంది? టూల్ వస్తువును మారుస్తుంది: నరుకుతుంది, బిగిస్తుంది, చెక్కుతుంది. ఇన్‌స్ట్రుమెంట్‌లో ముఖ్యమైంది నేర్పు, సున్నితం, కొలత. అందుకే థర్మామీటరు, స్క్రూ గేజ్, వెర్నియర్ క్యాలిపర్స్ ఇన్‌స్ట్రుమెంట్లు. సర్జన్ కత్తి కూడా ఇన్‌స్ట్రుమెంటే. వంటింటి కత్తిని అలా అంటే నవ్వుతారు. రెండూ కోసేవే, కానీ ఒకదాని వెనుక ఏళ్ల చదువు ఉంది. మాటలో కొంత గౌరవం కూడా కలిసిందన్నమాట.

మరో ఇన్‌స్ట్రుమెంట్ మన జేబులోనే ఉంటుంది. చెక్కు బౌన్స్ అయితే కేసు వేసేది 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద. అక్కడ ఇన్‌స్ట్రుమెంట్ అంటే హక్కును పుట్టించే, బదిలీ చేసే కాగితం. స్టాంపుల చట్టంలోనూ అంతే, మీ ఇంటి దస్తావేజు ఒక ఇన్‌స్ట్రుమెంట్. వీణకూ చెక్కుకూ ఒకే పేరేమిటని మొదట వింతగా ఉంటుంది. 'దేని ద్వారా పని నెరవేరుతుందో అది' అన్న మూలార్థం పట్టుకుంటే రెండూ ఒకే గూటికి చేరతాయి. తెలుగు 'సాధనం' సరిగ్గా ఇదే పని చేస్తుంది, చెక్కును మాత్రం మనం సాధనం అనం.

ఇంగ్లిష్ మీడియం పిల్లలు సైన్సు రికార్డులో 'ఎయిమ్' తర్వాత 'అపరేటస్' అని రాస్తారు. తెలుగు మీడియంలో 'కావలసిన పరికరాలు' అని రాసేవాళ్లం. అపరేటస్ లాటిన్‌లో 'సిద్ధం చేయడం' అన్న క్రియ నుంచి వచ్చింది. ఒక పని కోసం అమర్చి పెట్టుకున్న మొత్తం అది. స్టాండు, బీకరు, బర్నరు, గొట్టం, వాటి మధ్య థర్మామీటరు: అన్నీ కలిసి అపరేటస్, అందులో కొలిచే థర్మామీటరు ఒక్కటీ ఇన్‌స్ట్రుమెంట్. ఒక విద్యార్థి ఒకే వస్తువుకి రెండు పేర్లూ రాస్తే తప్పు కొట్టకూడదని ఇప్పుడనిపిస్తోంది. నేను కొట్టేవాణ్ణి.

ఓడ నుంచి వచ్చిన ఎక్విప్‌మెంట్, దాని వెనకాల తగిలించే 'స్'

ఎక్విప్‌మెంట్ ఫ్రెంచి మాట. దాని మూలం బహుశా పాత నార్స్ భాషలో 'ఓడను ప్రయాణానికి సిద్ధం చేయడం' అని నిఘంటుకారులు చెబుతారు. ఓడకు తాళ్లు, తెరచాప, తిండి, లంగరు అన్నీ ఎక్కించడం. అందుకే ఆ మాట విడి వస్తువును చెప్పదు, ఒక పనికి కావలసిన సరంజామా మొత్తాన్ని చెబుతుంది. గేర్ కూడా నార్స్ నుంచి వచ్చిన మాటే, అక్కడ దుస్తులు, సరంజామా అని అర్థం. మత్స్యశాఖ కాగితాల్లో 'క్రాఫ్ట్ అండ్ గేర్' అని కనిపిస్తుంది. క్రాఫ్ట్ అంటే పడవ, గేర్ అంటే వలలు, గాలాలు. శ్రీకాకుళం తీరంలోని భావనపాడులో పడవకు గేర్లున్నాయా అని అడిగితే ఇంజను గురించి చెప్పేవాళ్లే ఎక్కువ, పాపం శాఖ అడిగింది వల గురించి. గాడ్జెట్ కూడా సముద్రం నుంచే వచ్చింది. పేరు గుర్తురాని సామానును 19వ శతాబ్దపు ఇంగ్లిష్ నావికులు అలా అనేవారట. మనం 'అదేదో ఉంది కదా, అది' అన్నట్టు.

ఎక్విప్‌మెంట్ సమూహాన్ని చెప్పే మాట కాబట్టి ప్రామాణిక ఇంగ్లిష్‌లో దానికి బహువచనం లేదు. ఫర్నిచర్, లగేజ్, మెషినరీ కూడా అంతే. ఇసుకని ఇసుకలు అనం కదా, ఆ లెక్క. ఒక్కటి చెప్పాలంటే 'పీస్ ఆఫ్ ఎక్విప్‌మెంట్' అనాలి.

కానీ మన షాపు బోర్డుల మీద, టెండరు ప్రకటనల్లో 'ఎక్విప్‌మెంట్స్' ఎక్కడ చూసినా ఉంటుంది. దీని మీద రెండు వాదాలున్నాయి. ఇది తప్పు, పోటీ పరీక్షలో మార్కు పోతుంది, విదేశానికి పంపే ఉత్తరంలో పరువు పోతుంది అని ఒక పక్షం. కోట్ల మంది భారతీయులు ఒకే రకంగా వాడుతుంటే అది భారతీయ ఇంగ్లిష్ రూపం అవుతుందే గాని తప్పు కాదని ఇంకో పక్షం. రెండో పక్షం ఇంకో మాట కూడా చూపిస్తుంది: పాత రోజుల్లో ఇంగ్లండ్ రచయితలూ 'ఎక్విప్‌మెంట్స్' రాశారు. రెండింటిలోనూ నిజం ఉంది. తెలుగులో మాట్లాడుతూ 'జిమ్ ఎక్విప్‌మెంట్లు' అన్నామంటే ఆ మాట తెలుగు వ్యాకరణంలోకి వచ్చేసినట్టే, దాని జోలికి ఎవరూ వెళ్లక్కర్లేదు. ఇంగ్లిష్‌లో రాసే దరఖాస్తులో మాత్రం నేను 'స్' కొట్టేస్తాను.

జీఎస్టీ చిట్టాలో పేర్లు: కొడవలి, ప్లయర్, ఏసీ

22 సెప్టెంబర్ 2025 నుంచి జీఎస్టీ రేట్లు మారినప్పుడు ఈ మాటలు మళ్లీ వార్తల్లోకి వచ్చాయి. ట్రాక్టర్లు, కోత, నూర్పిడి యంత్రాల మీద పన్ను 12 శాతం నుంచి 5కి తగ్గింది. ఏసీల మీద 28 నుంచి 18కి తగ్గింది. 'నా సామాను ఏ కోవలోకి వస్తుంది' అని అందరూ అడగడం మొదలుపెట్టారు.

వ్యవసాయంలో వాడేవాటికి ఇంగ్లిష్‌లో ఇంప్లిమెంట్ అన్న మాట ఎక్కువ. ట్రాక్టరు వెనక తగిలించే కల్టివేటరు, రోటవేటరులను డీలర్లు ఇంప్లిమెంట్స్ అనే అంటారు. పథకాన్ని 'ఇంప్లిమెంట్' చేయడం కూడా ఈ మాటే, రెండింటికీ మూలం 'నింపడం, పూర్తి చేయడం'. చేత్తోనో పశువులతోనో వాడే వ్యవసాయ పనిముట్లకు, అంటే పార, కొడవలి, గొడ్డలి లాంటివాటికి, జీఎస్టీ సున్నా. అదే కొట్టులో పక్కన వేలాడే కటింగ్ ప్లయర్ మీద 18 శాతం. రెండూ చేతి పనిముట్లే, రెండూ పన్నుల చిట్టాలో 82వ అధ్యాయంలోనే ఉన్నాయి. టూల్ అన్న పేరు పన్నును నిర్ణయించలేదు, దాని వివరణలో వ్యవసాయం అన్న మాట నిర్ణయించింది.

ఇంటి సామాన్లలో మాటలు ఇంకా తారుమారవుతాయి. మాటల్లో ఫ్రిజ్, మిక్సీ, ఏసీ అన్నీ అప్లయన్సులే: ఇంట్లో ఒక నిర్దిష్టమైన పని కోసం కరెంటుతోనో గ్యాస్‌తోనో నడిచేవి. పన్నుల చిట్టాలో మిక్సీ డొమెస్టిక్ అప్లయన్స్ కిందికి వస్తుంది, ఏసీ మాత్రం ఎయిర్ కండిషనింగ్ మెషిన్.

అసలు చిట్టా రాసినవాళ్లే ఈ తేడాల మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోలేదు. 84, 85 అధ్యాయాలకు ముందు ఒక గమనిక ఉంది. అక్కడ మెషిన్ అంటే ఆ అధ్యాయాల్లో చెప్పిన ఏ మెషిన్, మెషినరీ, ప్లాంట్, ఎక్విప్‌మెంట్, అపరేటస్, అప్లయన్స్ అయినా సరే అని. ఇంతసేపూ మనం విడదీస్తున్న ఆరు మాటల్ని ఒకే మూటలో కట్టేశారు.

వైద్య పరికరాలకూ అదే దారి. 2020 ఫిబ్రవరి నోటిఫికేషన్ ప్రకారం మెడికల్ డివైస్ అంటే ఇన్‌స్ట్రుమెంట్, అపరేటస్, అప్లయన్స్, ఇంప్లాంట్, మెటీరియల్, ఇంకే వస్తువైనా, చివరికి సాఫ్ట్‌వేర్ కూడా. కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానంలో ఎందరి నోటో వినిపించే డయాలిసిస్ మిషన్, దానికి తగిలించే డయలైజర్ అనే ఫిల్టరు, రెండూ చట్టానికి డివైసులే. రోగికి మాత్రం మొదటిది ఆసుపత్రిలో ఉండే మిషన్, రెండోది తన రక్తం శుద్ధయ్యే 'కిడ్నీ'. ఒక్కో మాటకూ నిర్వచనం ఇస్తూ కూర్చుంటే ఎవరో ఒక తయారీదారు 'మాది అప్లయన్స్, డివైస్ కాదు' అని తప్పించుకుంటాడు. అందుకే వరసగా అన్నీ రాస్తారు. లాయర్ల భాష చాంతాడంత ఉండడానికి ఇదొక కారణం.

గుర్రం ప్లాంటే, తేయాకు మొక్క కాదు

నన్ను ఎక్కువసేపు మెలకువగా ఉంచిన మాట ప్లాంట్. మొక్కకూ ఉక్కు కర్మాగారానికీ ఒకే పేరు. నాటడం, ఒక చోట పాతుకునేలా పెట్టడం అన్నది రెండింటికీ ఉమ్మడి. కానీ కోర్టులు ఈ అర్థాన్ని ఎక్కడికో తీసుకెళ్లాయి.

1887లో ఇంగ్లండ్‌లో యార్మౌత్ వర్సెస్ ఫ్రాన్స్ అనే కేసు వచ్చింది. ఒక రేవు యజమాని దగ్గర బండి తోలే మనిషిని పొగరుబోతు గుర్రం తన్నింది, కాలు విరిగింది. యజమాని 'ప్లాంట్'లో లోపం ఉంటే నష్టపరిహారం ఇవ్వాలని అప్పటి చట్టం. మరి గుర్రం ప్లాంటా? అవునని కోర్టు తేల్చింది. అమ్మకానికి పెట్టుకున్న సరుకు కాకుండా, వ్యాపారంలో శాశ్వతంగా వాడుకోవడానికి ఉంచుకున్నది ఏదైనా, కదిలేదైనా కదలనిదైనా, ప్రాణమున్నదైనా లేనిదైనా, ప్లాంటేనని న్యాయమూర్తి లిండ్లీ అన్నారు.

మన 1961 ఆదాయపు పన్ను చట్టం ప్లాంట్ కింద ఓడలు, వాహనాలు, పుస్తకాలు, శాస్త్రీయ అపరేటస్, సర్జికల్ ఎక్విప్‌మెంట్ చేర్చింది. తేయాకు మొక్కలూ పశువులూ మాత్రం ప్లాంట్ కావని స్పష్టంగా రాసింది. లాయరు గారి బీరువాలో పుస్తకం ప్లాంట్, తోటలో నిజమైన మొక్క కాదు. ఇది చదివి అర్ధరాత్రి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

కోట్ల రూపాయల తగాదా మాత్రం ఇటీవలిది, అదీ మన పక్క రాష్ట్రం ఒడిశా నుంచి వెళ్లింది. మాల్ కట్టి అద్దెకిచ్చే సఫారీ రిట్రీట్స్ సంస్థ, నిర్మాణ సామగ్రి మీద కట్టిన జీఎస్టీని అద్దె మీద కట్టే జీఎస్టీలో సర్దుకోవచ్చా అని అడిగింది. సొంతానికి కట్టుకునే కట్టడాలకు చట్టం ఆ వెసులుబాటు ఇవ్వదు, 'ప్లాంట్ ఆర్ మెషినరీ'కి తప్ప. చట్టంలో నిర్వచనం ఇచ్చింది 'ప్లాంట్ అండ్ మెషినరీ'కి. అందులో భవనాలు రావు. 'ఆర్' ఉన్న చోట ఏ అర్థం తీసుకోవాలి?

ప్రభుత్వం వాదన: రెండూ ఒకటే, 'ఆర్' అచ్చుతప్పు లాంటిది. వ్యాపారుల వాదన: చట్టసభ వేరే మాట వాడిందంటే వేరే ఉద్దేశం ఉంది. 3 అక్టోబర్ 2024న సుప్రీంకోర్టు రెండో వాదన వైపు మొగ్గింది. ప్లాంట్ అన్నదాన్ని అది చేసే పనిని బట్టి చూడాలి, వ్యాపారంలో పనిముట్టులా ఉపయోగపడితే భవనం కూడా ప్లాంట్ కావచ్చు, ఏ కేసుకు ఆ కేసు తేల్చుకోవాలి అంది. మరుసటి ఏడాది 2025 ఫైనాన్స్ చట్టంతో కేంద్రం 'ఆర్' తీసేసి 'అండ్' పెట్టింది, అదీ 1 జులై 2017 నుంచే అలా ఉన్నట్టు. ముప్పై ఏళ్లు వ్యాకరణం చెప్పినా రెండక్షరాల మాట విలువ ఇంతని పిల్లలకు చూపించలేకపోయాను.

మన పరికరం ఎన్ని మోస్తుంది

తెలుగులో టూల్‌కి పనిముట్టు, మెషిన్‌కి యంత్రం స్థిరపడ్డాయి. మిగిలినవాటి బరువు దాదాపు అంతా పరికరం మీదే పడింది. ఇన్‌స్ట్రుమెంట్, అపరేటస్, డివైస్, ఎక్విప్‌మెంట్ నాలుగూ పత్రికల్లో పరికరాలే. ఉపకరణం అప్పుడప్పుడు సాయం వస్తుంది. ఒక్కోదానికీ ఒక్కో తెలుగు మాట కట్టాలని కొందరంటారు, సైన్సు పుస్తకానికి అది అవసరమే. వాక్యం చూస్తే అర్థమవుతున్నప్పుడు కొత్త మాట దేనికని ఇంకొందరు. నాకు రెండోవాళ్లతో పొత్తు ఎక్కువ కుదురుతుంది. మనకు వాద్యం అనే మాట విడిగా ఉంది, ఇంగ్లిష్ వాడికి మ్యూజికల్ అని ముందు తగిలిస్తే తప్ప లేదు. ఎవరి భాష ఎక్కడ విడదీయాలో అక్కడ విడదీసుకుంటుంది.

పలాస చిట్టా ఎలా తేలింది

వారం తర్వాత ఆయన మళ్లీ వచ్చాడు. బాయిలర్, డ్రయ్యర్, కటింగ్ మిషన్లు ప్లాంట్ అండ్ మెషినరీలో వేశాం. కటింగ్ మిషన్ చేత్తో, కాలితో నడిచేదైనా దాని భాగాలు బలాన్ని అందిస్తాయి కాబట్టి మెషినే. పొట్టు తీసే కత్తులు టూల్స్. ట్రేల దగ్గర కాసేపు ఆగి ఎక్విప్‌మెంట్‌లో పెట్టాం.

ఈ గడుల విభజన ఎందుకు పుట్టిందో ఆయనకి చెప్పాను. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టంలో తయారీ యూనిట్లను ప్లాంట్ అండ్ మెషినరీ పెట్టుబడితో, సేవల యూనిట్లను ఎక్విప్‌మెంట్ పెట్టుబడితో కొలిచేవారు. సూక్ష్మ సంస్థ అంటే మొదటిదానికి 25 లక్షలు, రెండోదానికి 10 లక్షల లోపు. జీడిపప్పు ఫ్యాక్టరీది మెషినరీ, రక్తపరీక్షల ల్యాబుది ఎక్విప్‌మెంట్. టూల్స్‌ని ఆ లెక్కలోంచి తీసేసేవారు. 1 జులై 2020 నుంచి ఆ తేడా పోయింది, ఇద్దరికీ ఒకటే కొలత. 1 ఏప్రిల్ 2025 నుంచి సూక్ష్మ సంస్థకు పెట్టుబడి హద్దు రెండున్నర కోట్లు, టర్నోవరు 10 కోట్లు. గడులు మాత్రం పాత నమూనాల్లో అలాగే మిగిలిపోయాయి.

"అయితే ఏ గడిలో రాసినా ఒకటేనా మాస్టారూ?" అన్నాడు.

సంస్థ సైజు తేల్చడానికి ఒకటే. బ్యాంకు మాత్రం ఏది తాకట్టుకు పనికొస్తుందో, ఏది రెండేళ్లలో అరిగిపోతుందో చూసుకోవడానికి విడిగా అడుగుతుంది.

చివరికి కాటా మిగిలింది. పన్నుల చిట్టాలో ఆయన బస్తాలు తూచే కాటా 84వ అధ్యాయంలో వెయింగ్ మెషినరీ. బంగారం కొట్టులో 5 సెంటీగ్రాములు, అంతకన్నా సన్నటి తేడా పసిగట్టే త్రాసు 90వ అధ్యాయంలో, ఇన్‌స్ట్రుమెంట్ల మధ్య ఉంటుంది. తూనికలు కొలతల శాఖ నిబంధనల్లో మాత్రం బస్తాల కాటా కూడా వెయింగ్ ఇన్‌స్ట్రుమెంటే, ముద్ర వేయించాల్సింది ఆ పేరుతోనే.

మావాడు కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని నా వైపు చూస్తున్నాడు. మెషినరీలో కొట్టమన్నాను. పలాస ఆయన చిట్టా మీద కాటా పక్కన టిక్కు పెట్టుకున్నాడు.